ఆరు బిల్లులు, ఆరు ఉత్తరాలు

ప్రశ్న: మాది జమ్మికుంటలో ఎరువుల దుకాణం. ఉద్దెర ఖాతా ఎక్సెల్‌లో రాస్తాను. వర్డ్‌లో మెయిల్ మెర్జ్ (జాబితాలోని వివరాలు ఉత్తరాల్లో వాటంతటవే నిండే పద్ధతి) చేసి బాకీ ఉత్తరాలు తీస్తే, ఆరుసార్లు సరుకు తీసుకున్న రైతుకు ఆరు ఉత్తరాలు వస్తున్నాయి. అన్నీ ఒకే దాంట్లో రావాలంటే?

జవాబు: మెయిల్ మెర్జ్‌కు మనుషులు తెలియరు, వరుసలే తెలుసు. ఎన్ని వరుసలుంటే అన్ని ఉత్తరాలు. వర్డ్‌లోని ‘నెక్స్ట్ రికార్డ్ ఇఫ్’ అనే షరతుతో కుస్తీ పట్టేవాళ్లున్నారు గానీ, నన్నడిగితే ఆ జోలికి పోవద్దు. ఎక్సెల్‌లోనే రైతుకో వరుస చేసి వర్డ్‌కు ఇవ్వండి.

పేరును మాత్రం నమ్ముకోకండి. ఊళ్లో ముగ్గురు మల్లయ్యలుంటే ముగ్గురి బాకీ ఒక్కడి నెత్తిన పడుతుంది. ఖాతా నంబరే ఆధారం.

ముందు ఖాళీ కాలమ్‌లో తేదీ, సరుకు, సొమ్ము కలిపి ‘15-06-2024, యూరియా 2 బస్తాలు, రూ.533’ అని ఒక లైను చేయండి. తేదీని టెక్స్ట్ ఫంక్షన్‌లో పెట్టకపోతే అక్కడ 45458 అని పడుతుంది. రైతు అదే బాకీ అనుకుంటే ఇక గొడవే!

తర్వాత కొత్త షీట్‌లో యూనిక్ ఫంక్షన్‌తో ఒక్కో ఖాతా నంబరు ఒక్కసారే వచ్చేలా తీసుకోండి. పక్కన లైన్లను కలిపే టెక్స్ట్‌జాయిన్ రాసి, దాని లోపల ఆ ఖాతావే ఏరే ఫిల్టర్ పెడితే ఆ ఖాతా లైన్లన్నీ ఒకే గడిలోకి వస్తాయి. మధ్యలో కామాకు బదులు క్యార్(10), అంటే కొత్త లైను గుర్తు, ఇస్తే ఒకదాని కింద ఒకటి అచ్చవుతాయి. మొత్తం బాకీకి సమ్‌ఇఫ్, పేరూ ఊరూ తెచ్చుకోవడానికి ఎక్స్‌లుకప్. ఇవన్నీ ఉండాలంటే ఎక్సెల్ 2021 గానీ, ఆ తర్వాతిది గానీ, 365 గానీ కావాలి. పాతది ఉంటే డబ్బు పెట్టనక్కర్లేదు, ఉచితంగా దొరికే లిబర్‌ఆఫీస్ 24.8లోనూ, ఆ తర్వాతివాటిలోనూ ఇవి ఉన్నాయి.

ఇక నేనూ ఓసారి బోల్తాపడ్డ చోటు. ఉత్తరాలన్నీ అచ్చు తీశాక చూస్తే, పెద్ద జాబితాలు మధ్యలోనే తెగిపోయాయి. వర్డ్ డేటా తీసుకునేటప్పుడు మొదటి 8 వరుసలు చూసి కాలమ్ పొడవు అంచనా వేస్తుంది. వాటిలో అన్నీ చిన్నవే ఉంటే కింద ఎంత పెద్దదున్నా 255 అక్షరాల దగ్గర కోసేస్తుంది. అందుకని షీట్‌ను కాపీ చేసి, ‘పేస్ట్ వాల్యూస్’తో (ఫార్ములాలు రాకుండా ఫలితాలే) వేరే షీట్‌లో వేసుకుని, లెన్ ఫంక్షన్‌తో పొడవు లెక్కగట్టి, పొడవైనవి పైకి వచ్చేలా సార్ట్ చేయండి. మెర్జ్ ఆ షీట్‌తోనే చేయాలి.

ఒక్కో రైతుకు ముప్పై నలభై బిల్లులు ఉండి, గళ్ల పట్టికలా కావాలంటే వర్డ్‌ను వదిలేయండి. మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్ ప్రోగ్రాం యాక్సెస్‌లో రిపోర్టు తీసి, ఖాతా నంబరు మీద గ్రూప్ చేసి, గ్రూప్ హెడర్‌కు ‘ఫోర్స్ న్యూ పేజ్’ ఇస్తే రైతు మారినప్పుడల్లా కాగితం మారుతుంది.