సందేహాలు – సమాధానాలు: పాట రాశాడా, కట్టాడా?

సందేహం: మాది మచిలీపట్నం. రాబీ వాన్ లేవెన్ అనే డచ్ సంగీతకారుడి మీద ఒక చిన్న పత్రికకు వ్యాసం రాస్తున్నాను. ఇంగ్లీషులో ఆయన్ని సాంగ్‌రైటర్, ప్రొడ్యూసర్ అంటారు. నేను ‘పాటల రచయిత, నిర్మాత’ అని రాస్తే మా అబ్బాయి చదివి, “ఈయన సినిమాలు కూడా తీశాడా నాన్నా?” అన్నాడు. ‘వాగ్గేయకారుడు’ అనవచ్చా? ఆయన పాట ‘వీనస్’ను ‘శుక్రుడు’ అన్నాను. వ్యాసానికి ‘సంగీత ప్రస్థానం’ అని పేరు పెట్టాను. ఇవి సరేనా? డచ్ వాళ్లకు తెలుగులో వేరే మాట ఏదైనా ఉందా?

సమాధానం: మీ అబ్బాయి నవ్వడంలో తప్పులేదు. ‘నిర్మాత’ అనగానే మనకు చెక్కుబుక్కు పట్టుకున్న మనిషే కనిపిస్తాడు. దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు ‘పాటల రచయిత’.

మనం పాటను ముక్కలు చేసి చూడటానికి అలవాటుపడ్డాం. రచన ఒకరు, సంగీతం ఒకరు, గానం ఇంకొకరు. ఇది సినిమా టైటిళ్లు నేర్పిన లెక్క. అందుకే ‘పాటల రచయిత’ అంటే తెలుగు పాఠకుడికి మాటలు రాసినవాడనే తడుతుంది. వాన్ లేవెన్ అంతమాత్రపువాడు కాదు. 1944లో నెదర్లాండ్స్‌లోని ది హేగ్ నగరంలో పుట్టిన ఆయన మొదట ‘ది మోషన్స్’ అనే బృందంలో గిటారు వాయించాడు. 1967లో ‘షాకింగ్ బ్లూ’ బృందాన్ని పెట్టాడు. అందులో మాటా ఆయనదే, వరసా ఆయనదే, గిటారూ ఆయనదే. 1968లో వచ్చి చేరిన మరిస్కా వెరెస్ గొంతు మాత్రం అరువు. ఆవిడ పాడిన ‘వీనస్’ 1970 ఫిబ్రవరిలో అమెరికాలో ఎక్కువ ఆదరణ పొందిన పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. అక్కడికి చేరిన మొదటి డచ్ పాట అదే.

మాటను, వరసను కలిపి పుట్టించేవాడికి శాస్త్రంలో పేరుంది. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు తన సంగీత రత్నాకరంలో మాటను ‘మాతువు’ అనీ, వరసను ‘ధాతువు’ అనీ అన్నాడు. రెండూ చేసేవాడు వాగ్గేయకారుడు. నిర్వచనం ప్రకారం మీ ప్రశ్నకు జవాబు ‘అనవచ్చు’. భక్తి ఉండాలనో, కర్ణాటక సంగీతమే అయి ఉండాలనో ఆ నిర్వచనంలో లేదు. గద్దర్‌ను, వంగపండును ప్రజా వాగ్గేయకారులు అంటున్నాం కదా. అయినా నాకు మనసొప్పదు. ఆ మాట వినగానే తంబుర కనబడుతుంది. గిటారు పట్టుకున్న హేగ్ కుర్రాడి మెడలో తులసిమాల వేసినట్టు ఉంటుంది.

దానికన్నా మంచి మాట మన నోట్లోనే ఉంది: ‘పాట కట్టడం’. ఊళ్లో ఏదైనా జరిగితే దానిమీద పాట రాశారు అనం, పాట కట్టారు అంటాం. అందులో మాటా వరసా విడివిడిగా ఉండవు. ఇక్కడ తేడా గమనించండి: ‘వరస కట్టాడు’ అంటే ఇంకొకరి మాటలకు బాణీ ఇచ్చాడని, ‘పాట కట్టాడు’ అంటే రెండూ తనవేనని. అంచేత “షాకింగ్ బ్లూకు పాటలు కట్టినవాడు” అని నిస్సంకోచంగా రాయండి.

ఇక్కడ ఒక మెలిక. ‘వీనస్’ వరస పూర్తిగా ఆయనదేనా? అమెరికాలో ‘ది బిగ్ త్రీ’ అనే ముగ్గురి బృందం 1963లో ‘ది బాంజో సాంగ్’ పాడింది. మాటలు 19వ శతాబ్దపు స్టీఫెన్ ఫాస్టర్‌వి, వరస కొత్తగా టిమ్ రోజ్ చేసింది. అది విని వెంటనే ‘వీనస్’ వినండి, నేను చెప్పనక్కర్లేదు. ఒకరి ధాతువుకు తన మాతువు అతికించేవాడికి కూడా శార్ఙ్గదేవుడు పేరు పెట్టాడు: కుట్టికారుడు. ట్యూను ముందిచ్చి మాటలు రాయమనే మన సినిమా పద్ధతికి ఇంతకన్నా సరైన పాతమాట దొరకదు. ఎందుకో ఎవరూ వాడరు. ఈ ఒక్క పాటకు వాన్ లేవెన్‌ను సగం వాగ్గేయకారుడు, సగం కుట్టికారుడు అనుకోవచ్చు. మిగతా పాటల దగ్గర ఈ తగాదా తేకండి. 1969లో ఆయన కట్టిన ‘లవ్ బజ్’లో సితారు వినిపిస్తుంది. దాన్నే 1988లో అమెరికా రాక్ బృందం ‘నిర్వానా’ తన మొదటి సింగిల్‌గా, అంటే విడి పాట రికార్డుగా, పాడి విడుదల చేసింది.

ఇక ప్రొడ్యూసర్. రికార్డింగు గదిలో కూర్చుని ఏ వాద్యం ముందుకు రావాలి, గొంతు ఎలా వినిపించాలి, ఏ టేకు ఉంచాలి అని తేల్చేవాడు. మన సంగీత దర్శకుడు చేసే పనిలో కొంత ఇదే, కానీ ప్రొడ్యూసర్ సొంతంగా వరస కట్టాలనే నియమం లేదు. ‘గోల్డెన్ ఇయరింగ్’ బృందంలో ఒకప్పుడు డ్రమ్స్ వాయించిన యాప్ ఎగ్గర్‌మాంట్ ఇందుకు మంచి ఉదాహరణ. పాత పాటల ముక్కలను కలిపి ‘స్టార్స్ ఆన్ 45’ తయారుచేశాడు. 1981లో అదీ అమెరికాలో మొదటి స్థానం పట్టింది. అందులో ‘వీనస్’ ముక్క కూడా ఉంది. 1986లో ‘బననరామా’ అనే బృందం పాడినప్పుడు ‘వీనస్’ మళ్లీ మొదటి స్థానంలో నిలిచింది. ప్రొడ్యూసర్‌కు తెలుగు మాట కోసం నేనూ తల బద్దలుకొట్టుకున్నాను. ‘ధ్వని నిర్వాహకుడు’ లాంటివి పుట్టించవచ్చు, ఎవరూ పలకరు. ‘మ్యూజిక్ ప్రొడ్యూసర్’ అనే రాయండి, నిర్మాతను సినిమాకే వదిలేయండి.

‘శుక్రుడు’ మాత్రం దయచేసి కొట్టేయండి. గ్రహం పేరుగా వీనస్ అంటే శుక్రుడే, ఒప్పుకుంటాను. ఆ పాటలో ఉన్నది గ్రహం కాదు, కొండకొమ్మున వెలిగే అందాల దేవత. మన శుక్రుడు మగవాడు, రాక్షసుల గురువు, పైగా ఒక కన్ను లేనివాడు! పాట పేర్లు అనువదించకుండా ఉంచడమే మేలు. అన్నట్టు, ఆ దేవత అనే మాటే ఆ పాటలో తప్పుగా ఉంది. ఇంగ్లీషులో ‘గాడెస్’ అనాల్సింది వాన్ లేవెన్ కాగితం మీద ‘గాడ్‌నెస్’ అని రాశాడు, మరిస్కా ఉన్నదున్నట్టు పాడింది. అచ్చుతప్పు చదివి బడిలో చీవాట్లు తిన్న నాకు ఈ సంగతి తెలిసినప్పుడు కాస్త ఊరట కలిగింది.

‘ప్రస్థానం’ అంటే బయలుదేరడం. మహాభారతంలో పాండవులు చేసిన మహాప్రస్థానం తిరిగిరాని ప్రయాణం. ఇప్పుడు ప్రతి కెరీర్‌నూ ప్రస్థానం అనడం పత్రికలకు అలవాటైంది. తప్పనను గానీ నాకు టెన్షన్‌గా ఉంటుంది. ఆయన 1970ల్లో మాండొలిన్ ముందుపెట్టి ‘గెలాక్సీ-లిన్’, ఆ తర్వాత ‘మిస్ట్రాల్’ అని బృందాలు నడిపాడు. ఈ కథకు ‘పాటల దారి’ చాలు.

డచ్ అనే మాట అందరికీ తెలుసు, అదే వాడండి. పాతమాట అడిగారు కాబట్టి: హాలండ్ వాళ్లను మనవాళ్లు వలందులు అన్నారు. తమిళంలో ఒల్లాందర్. 17వ శతాబ్దం మొదట్లోనే వాళ్లు మీ బందరు రేవులో వర్తకశాల పెట్టారు. మీ ఊళ్లో వలందపాలెం ఉంది కదా, ఆ పేరు అక్కడిదే.