గడ్డకట్టే చలిలో రైఫిల్ మ్యాచ్... వేళ్లు తెల్లబడుతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 22. గుంటూరులో బీటెక్ చదువుతున్నాను. 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చే) రైఫిల్ షూటర్‌ని. జనవరిలో ఉత్తరాదిన ఓ కొండ ఊళ్లో ఆరుబయట మ్యాచ్ ఉంది. పొద్దున పూట మైనస్ 2, 3 డిగ్రీలు ఉంటుందంటున్నారు. నాకు ఏసీ గదిలో ఎక్కువసేపు కూర్చున్నా వేళ్ల చివర్లు తెల్లగా పాలిపోతాయి, తర్వాత నీలంగా మారతాయి, వెచ్చబడ్డాక ఎర్రబడి సలుపుతాయి. చేతి వణుకు తగ్గుతుందని తోటి షూటర్ ఒకరు ప్రొప్రనలాల్ 10 మి.గ్రా. మాత్రలు ఇచ్చారు. వేసుకోవచ్చా? చలికి ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందు ఆ మాత్రల సంగతి. వేసుకోవద్దు. ప్రొప్రనలాల్ బీటా బ్లాకర్, అంటే గుండె వేగాన్ని తగ్గించే మందు. షూటింగ్‌లో ఈ మందులు మ్యాచ్ రోజునే కాదు, మామూలు రోజుల్లోనూ నిషిద్ధం. మూత్ర పరీక్షలో దొరికితే ఇచ్చినవాళ్లు కాదు, మీరే సస్పెండ్ అవుతారు. పైగా ఇది చేతులకీ కాళ్లకీ వెళ్లే రక్తాన్ని తగ్గిస్తుంది. అసలే తెల్లబడే వేళ్లు ఇంకా ముందే మొద్దుబారతాయి. ఇప్పటికే రోజూ వాడుతుంటే మాత్రం ఒక్కసారిగా ఆపకుండా ఫిజీషియన్‌ని కలిసి మానేయండి.

మీరు చెప్పిన తెలుపు, నీలం, ఎరుపు వరస చూస్తే రేనాడ్స్ అనిపిస్తోంది. చలి తగలగానే వేళ్లలోని సన్న రక్తనాళాలు అవసరానికి మించి బిగుసుకుపోవడమే ఇది. మీ వయసు ఆడపిల్లల్లో తరచూ కనిపిస్తుంది, చాలామందిలో వెనక వేరే జబ్బేమీ ఉండదు. కానీ కీళ్ల నొప్పులు, వేళ్ల చర్మం బిగుతుగా మారడం, చివర్లలో పుండ్లు పడటం ఉంటే ఆలస్యం చేయకుండా రుమటాలజిస్టుని కలవండి. ఏఎన్ఏ (శరీరం తన మీదే దాడి చేసే జబ్బుల్ని పట్టే) రక్త పరీక్ష చేయించి, గోటి మొదట్లోని రక్తనాళాలను చూస్తారు. ఒక్క ఎడమ చేతికే వస్తుంటే అనుమానించాల్సింది స్లింగ్‌ని (రైఫిల్‌ని చేతికి బిగించే బెల్టుని), దాని గురించి కింద చెప్తాను. అవసరమైతే నిఫెడిపిన్, ఆమ్లోడిపిన్ లాంటి మందులు రాస్తారు. ఇవి నిషిద్ధ జాబితాలో లేవు. అయితే తలనొప్పి, బీపీ తగ్గడం ఉంటాయి కాబట్టి మ్యాచ్‌కి కనీసం నెల ముందే మొదలుపెట్టి ఒంటికి పడుతుందో లేదో చూసుకోవాలి. రైలెక్కే ముందు రోజు కాదు.

ఇక చలి. మన దగ్గర జనవరి తెల్లవారుజామున 18 డిగ్రీలుంటేనే స్వెటర్లు తీస్తాం. మీరు అక్కడికి ఇరవై డిగ్రీలు దిగి వెళ్తున్నారు. కనీసం రెండు మూడు రోజుల ముందు చేరుకుని ఆ చలిలోనే ప్రాక్టీసు చేయండి.

అందరూ చేసే పొరపాటు, మంచి గ్లౌజులు కొని ఛాతీని వదిలేయడం. ఛాతీ, పొట్ట చల్లబడితే గుండె, కాలేయం దగ్గర వేడి నిలుపుకోవడానికి శరీరం మొదట వేళ్లకే రక్తం ఆపేస్తుంది. అప్పుడు ఎంత మందం గ్లౌజు వేసినా లోపల వేడి పుట్టదు. కాబట్టి ఒంటిని ఆనుకుని పల్చటి ఉన్ని లేదా సింథటిక్ థర్మల్ వేసుకోండి. కాటన్ బనియన్ వద్దు, చెమటకి తడిసి ఆరదు, మంచుగుడ్డలా అంటుకుంటుంది. షూటింగ్ జాకెట్ కింద వేసుకునే దుస్తుల మందానికీ నిబంధనల్లో హద్దు ఉంది. ఆ థర్మల్‌తోనే ముందు ఎక్విప్‌మెంట్ కంట్రోల్‌కి (దుస్తులు, సామగ్రి తనిఖీ చేసే చోటికి) వెళ్లి సరిచూసుకోండి. పొజిషన్ తీసుకునే చివరి నిమిషం దాకా పైన దూది జాకెట్, మంకీ క్యాప్ ఉంచండి.

ప్రోన్‌లో ఒంటి వేడిని ఎక్కువగా లాగేది గాలి కాదు, నేల. సిమెంటు ఫైరింగ్ పాయింట్ మీద గంటకు పైగా బోర్లా పడుకుంటారు. రేంజ్‌లో ఇచ్చే చాపతో సరిపెట్టకుండా, అనుమతి అడిగి దాని కింద యోగా మ్యాట్ లాంటి ఫోమ్ షీటు వేయించుకోండి. ఒళ్లు వణకడం మొదలైతే ఆ వణుకుని ఏ ఊపిరి నియంత్రణా ఆపలేదు.

వేళ్ల చర్మం 15 డిగ్రీలకు దిగితే చురుకుదనం తగ్గుతుంది. 8 డిగ్రీల దగ్గర స్పర్శే తెలియదు. మీ ట్రిగ్గర్ బహుశా 100 గ్రాముల లోపు ఉంటుంది. మొద్దుబారిన వేలికి అది తగిలిందో లేదో తెలిసేలోపే గుండు వెళ్లిపోతుంది. స్కోరు సరే, ఇది భద్రత సమస్య. 60 షాట్లకు 50 నిమిషాలు ఇస్తారు. షాట్‌కి 30 సెకన్లు తీసుకున్నా ఇరవై నిమిషాలు మిగులుతాయి. అవి మీ వేళ్లవి. ప్రతి 15 షాట్లకు చాంబర్ ఖాళీ చేసి, సేఫ్టీ ఫ్లాగ్ (చాంబర్ ఖాళీ అని చూపే గుర్తు) పెట్టి, రైఫిల్ దించి, కుడి చెయ్యి చంకలోనో హీట్ ప్యాక్ ఉన్న జేబులోనో రెండు నిమిషాలు ఉంచండి. హీట్ ప్యాక్‌ని నేరుగా చర్మానికి పెట్టకూడదు, స్పర్శ లేని చోట కాలినా తెలియదు. మ్యాచ్‌కి ముందైతే చేతులు గానుగలా గుండ్రంగా ఇరవై ముప్పై సార్లు తిప్పితే రక్తం వేళ్లలోకి దిగుతుంది. తర్వాత నాడి నెమ్మదించేదాకా ఆగాలి.

ఎడమ చేతికి స్లింగ్ పై చేతి ధమనిని నొక్కుతుంది. ఎండాకాలం తిమ్మిరితో పోతుంది, చలిలో ఆ చెయ్యి మంచుగడ్డవుతుంది. విరామంలో హ్యాండ్ స్టాప్ (రైఫిల్ కింద ఎడమ చెయ్యి ఆనే బిళ్ల) దగ్గర హుక్ మాత్రమే విప్పండి. స్లింగ్ రంధ్రం మార్చకండి, పొజిషన్ పోతుంది.

చెవుల మీదకు ఉన్ని టోపీ లాగి దానిపై ఇయర్ మఫ్ పెడితే సందులోంచి శబ్దం దూరుతుంది. .22 రైఫిల్ శబ్దం కూడా 140 డెసిబెల్స్ దరిదాపులకు వెళ్తుంది. ఫోమ్ ప్లగ్‌లు చలికి గట్టిపడతాయి, వెచ్చటి గదిలోనే నలిపి పెట్టుకుని బయటికి రండి.

అక్కడ జలుబు చేస్తే మందుల షాపులో అడిగిన మాత్ర మింగేయకండి. సూడోఎఫెడ్రిన్ ఉన్నవి మ్యాచ్ రోజు మూత్రంలో హద్దు దాటితే డోపింగే. పారాసిటమాల్‌తో ఇబ్బంది లేదు. మ్యాచ్‌కి రెండు గంటల ముందు వేడి ఉప్మా, మధ్యలో పల్లీ పట్టీ, గోరువెచ్చటి నీళ్లు చాలు. చలికి మూత్రం ఎక్కువవుతుందని నీళ్లు మానేస్తారు, అదీ తప్పే. టీ ఒక్క కప్పు, రోజూ అలవాటుంటేనే. అన్నట్టు, నీళ్లు చల్లగా ఉన్నాయని చేతులు కడగకుండా ఆ పట్టీ తినేస్తుంటారు. తూటాల సీసం పొడి కడుపులోకి పోతుంది. ఫ్లాస్కులో వేడినీళ్లు, ఓ సబ్బు ముక్క పట్టుకెళ్లండి.

వేలు మైనంలా తెల్లబడి, గిల్లినా తెలియకపోతే ఆట ఆపేయండి. రుద్దకండి, నిప్పు దగ్గర పెట్టకండి. 37 నుంచి 39 డిగ్రీల నీళ్లలో ఇరవై నిమిషాల పైన ఉంచాలి. ఆ వేడి మీకు తెలియదు, పక్కవారి మోచెయ్యి ముంచి చూడమనండి. బొబ్బలు లేచినా, రంగు తిరిగి రాకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.