అల్లుడికి, బావ కమాండర్ జీపు గురించి

హన్మకొండ

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

నువ్వు ఫోన్‌లో అడిగినదానికి నేను అప్పటికప్పుడు జవాబు చెప్పలేదు. అది ఫోన్‌లో తేలే సంగతి కాదు. మీ నాన్న, మా బావ, పోయి రెండేళ్లు కావస్తోంది, ఆయన మహీంద్రా కమాండర్ జీపు అప్పటి నుంచి మీ ఊళ్లో రేకుల కిందే నిలబడి ఉంది. పాత ఇనుము వాళ్లు వచ్చి బేరమాడి పోతున్నారని అక్క చెప్పింది. నీకేమో అమ్మబుద్ధి కాదు. రంగు వేయించి ఇంటి ముందు గుర్తుగా పెట్టుకుందామా అంటున్నావు.

నేను చెప్పేది ఒకటే. గుర్తుగా ఉండాలంటే దాన్ని నడిపించు. కదలకుండా నిలబడ్డ జీపుకు ఎంత ఖరీదైన రంగు వేసినా లోపల సీళ్లు ఎండిపోతాయి, బ్రేకులు పట్టేస్తాయి, ట్యాంకులో నీళ్లు చేరి తుప్పు పడుతుంది. నాలుగు వానాకాలాలు పోయాక మీ ఇంటి ముందు మిగిలేది రంగు వేసిన రేకు మాత్రమే. నెలకు రెండుసార్లు హుజూరాబాద్ దాకా పోయి వస్తే చాలు, అది ఇంకో ఇరవై ఏళ్లు నీతో ఉంటుంది.

ముందు కాగితాల పని చూడు. బండి ఇంకా బావ పేరు మీదే ఉంది. యజమాని చనిపోతే వారసులు 30 రోజుల్లో ఆ సంగతి ఆర్టీఏకు తెలియజేయాలి, మూడు నెలల్లోపు ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ గడువు దాటిపోయింది. అయినా పని ఆగదు, ఆలస్యానికి కొంత రుసుము పడుతుంది, అంతే. మరణ ధ్రువపత్రం, వారసుల సర్టిఫికెట్, అక్క, నీ చెల్లె తమకు అభ్యంతరం లేదని రాసిచ్చే అఫిడవిట్, నడుస్తున్న ఇన్సూరెన్స్ సిద్ధం చేసుకో. మీది పాత బుక్కు ఆర్సీ కదా, ఆ వివరాలు కంప్యూటర్‌లో ఎక్కాయో లేదో అక్కడే అడిగి చూసుకో. ఎక్కకపోతే ఆ పనే ముందు చేయించాలి. ఆర్సీ మీద ఉన్న ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ బండి మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిపోవాలి.

బావ దాన్ని 1997లో కొన్నాడు. మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు, ఆ తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువల్. 2022లో చేయించాడు కాబట్టి 2027 దాకా ఉంది. గడువు తీరే 60 రోజుల ముందు నుంచి ఫారం 25 పెట్టుకోవచ్చు. 2025 ఆగస్టులో కేంద్రం 20 ఏళ్లు దాటిన కార్లు, జీపుల రెన్యువల్ ఫీజును 10,000 రూపాయలు చేసింది. మన రాష్ట్రం గ్రీన్ ట్యాక్స్ దానికి అదనం. పదిహేనేళ్లు దాటితే తుక్కుకు పంపాల్సిందేనని ఎవరో అన్నారని టెన్షన్ పడుతున్నావు. 2023 ఏప్రిల్ నుంచి ఆ నిబంధన ప్రభుత్వ బండ్లకు. మన సొంత బండి ఫిట్‌గా ఉండి రెన్యువల్ అయితే నిశ్చింతగా నడుపుకోవచ్చు.

ఇక బండి సంగతి. దయచేసి కొత్త బ్యాటరీ తెచ్చి నేరుగా సెల్ఫ్ కొట్టొద్దు. రెండేళ్లు నిలబడ్డ ఇంజిన్‌లో ఆయిలంతా కిందికి దిగిపోయి ఉంటుంది, పొడిగా తిరిగితే బేరింగులు దెబ్బతింటాయి. ముందు ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ మార్పించు. ట్యాంకు దింపి పాత డీజిల్ పారబోసి లోపల కడిగించు. డీజిల్ ఫిల్టర్లు కొత్తవి వేయించు. ఇంజిన్‌ను చేత్తో ఒకటి రెండు చుట్లు తిప్పించి చూడు, పట్టేయలేదని తేలాక, స్టాప్ కేబుల్ (ఇంజిన్‌కు డీజిల్ ఆపే తీగ) లాగి పెట్టి కొంచెం కొంచెంగా సెల్ఫ్ కొట్టించు. ఆయిల్ ప్రెషర్ ఎక్కిందని మీటరులో కనబడ్డాకే డీజిల్ వదలాలి. ఫిల్టర్లు మార్చాక లైన్లలో గాలి చేరుతుంది, ప్రైమర్‌తో (చేత్తో కొట్టే చిన్న పంపు) ఆ గాలి తీయకపోతే ఎంతసేపు కొట్టినా అందుకోదు.

మన కమాండర్‌లో ఉన్నది 2523 సీసీ డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) డీజిల్ ఇంజిన్. కంప్యూటర్ లేదు, సెన్సార్ లేదు. ఊళ్లో మంచి ట్రాక్టర్ మెకానిక్ ఉంటే అతనికి కూడా దీని స్వభావం అర్థమవుతుంది. ఇంజిన్‌కు డీజిల్ కొట్టే పంపు పని మాత్రం అందరికీ ఇవ్వకు. మైకో కంపెనీ పేరు 2008లోనే బాష్‌గా మారినా మన షెడ్లలో అది ఇప్పటికీ మైకో పంపే. దాన్ని విప్పాలంటే కాలిబ్రేషన్ మిషన్ ఉన్న చోటే విప్పించాలి. పొగ చూసి జబ్బు కొంతవరకు చెప్పొచ్చు: నల్లగా వస్తే ఎయిర్ ఫిల్టరో నాజిళ్లో, నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది, వేడెక్కాక కూడా తెల్లగా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ అనుమానించు. ఎయిర్ క్లీనర్ ఆయిల్ నింపే రకం. పత్తి, మిర్చి సీజన్‌లో మన మట్టి రోడ్ల దుమ్ముకు అందులో ఆయిల్ తొందరగా బురదవుతుంది. ఇంత చవకైన పనిని వదిలేసి ఇంజిన్లు పాడు చేసుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

బ్రేకుల దగ్గర మాత్రం లెక్కలు చూడకు. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, హోస్ పైపులు, బ్రేక్ ఆయిల్ అన్నీ మార్పించు. టైర్లు గుండీ (రోడ్డును పట్టే గాట్లు) బాగానే ఉందని ఉంచకు. పక్కన నాలుగంకెలు ఉంటాయి, 1214 అని ఉంటే 2014లో 12వ వారం తయారైందని అర్థం. గుండీ ఎంత ఉన్నా పదేళ్లు దాటిన రబ్బరును నమ్మొద్దు. కమాన్ పట్టీల (స్ప్రింగులా పనిచేసే ఇనుప పట్టీలు) దగ్గర, వాటిని ఛాసిస్‌కు కలిపే షాకిళ్ల దగ్గర, బాడీ ఛాసిస్ మీద కూర్చునే చోట సుత్తితో చిన్నగా తట్టించు. ఖంగుమంటే ఇనుముంది, మొద్దుగా మోగితే తుప్పుంది. అక్కడ తుప్పు తీయకుండా పైన నల్లరంగు పూసే మెకానిక్ దగ్గర ఒక్క నిమిషం కూడా ఉండకు. వైరింగ్ మొత్తం కొత్తగా లాగించడమే మంచిది, వడ్లు నిలవ చేసే ఇంట్లో నిలబడ్డ బండిని ఎలుకలు వదిలి ఉండవు. టార్పాలిన్ కప్పడం మానెయ్. వానాకాలంలో దాని కింద చెమ్మ ఆగి, వానలో తడిసిన దానికంటే ఎక్కువ తుప్పు పడుతుంది. పైన రేకు, చుట్టూ గాలి ఉంటే చాలు.

వరంగల్ ఆటోనగర్‌లో మామూలు సామాన్లన్నీ దొరుకుతాయి. దొరకనివాటికి నువ్వుండేది హైదరాబాదే కదా, రాణీగంజ్‌లో పాత శాంపిల్ చేత్తో పట్టుకొని తిరుగు. ఫొటో చూపించి కొంటే సగం సార్లు సైజు తేడా వస్తుంది.

ఏది మార్చాలి, ఏది ఉంచాలి అన్నదానికి నా లెక్క ఇది. ప్రాణానికి సంబంధించినది ఏదైనా కొత్తది వేయించు. కంటికి సంబంధించినది ఉంచు. డ్యాష్‌బోర్డు మీద సమ్మక్క సారలమ్మ స్టిక్కర్, ఎడమ రెక్కకు ఉన్న సొట్ట, బావ చెయ్యి రాసుకొని నున్నగా అయిన గేర్ రాడ్ ముట్టుకోనివ్వకు. ఏపీ 15 నంబర్ కూడా అలాగే ఉండనీ. రాష్ట్రం వచ్చి టీఎస్ అయింది, 2024లో టీజీ అయింది, పాత బండ్ల నంబర్లు మాత్రం అలాగే చెల్లుతున్నాయి. కరీంనగర్ జిల్లా అంతా ఒక్కటిగా ఉన్న రోజుల నంబర్ అది. పెద్ద టైర్లు, ముందు ఇనుప గార్డు, రంగురంగుల లైట్ల ఆలోచన ఉంటే వదిలెయ్. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. అదొక్కటే కాదు, అట్లా మారిస్తే అది బావ జీపు కాకుండా పోతుంది.

ఆ జీపు ఊరికి ఏం చేసిందో నీకు పూర్తిగా తెలియదు, అప్పుడు చిన్నవాడివి. మిర్చి బస్తాలు ఎనుమాముల మార్కెట్‌కు అందులోనే వచ్చేవి. జాతరకు మేడారం పోవాలంటే సగం వాడ అందులోనే ఎక్కేది, తాడ్వాయి అడవి దాటేదాకా వెనక సీట్ల మీద పాటలే. రాత్రిపూట పురిటి నొప్పులొస్తే తలుపు తట్టేది మీ ఇంటికే. ఇవన్నీ అక్క దగ్గర, బావతో తిరిగిన డ్రైవర్ దగ్గర, మొదటి నుంచి పని చేసిన మెకానిక్ దగ్గర కూర్చొని ఫోన్‌లో రికార్డు చెయ్. మెకానిక్‌కు వయసైపోయింది, ఆ పని ముందు చెయ్. బావ డీజిల్, రిపేర్ల ఖర్చు రాసిన నోటు పుస్తకాలు బీరువాలో ఉంటాయి, పారేయనివ్వకు. ఏ ఏడు ఏ సామాను మారిందో అందులో ఉంది. ఆ చివరి పేజీ తర్వాత నువ్వు రాయడం మొదలుపెట్టు: తేదీ, రీడింగ్, చేయించిన పని.

నీ దోస్తు ఢిల్లీ నుంచి పాత సఫారీ తెప్పిస్తానంటున్నాడట. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ ఆంక్ష పెట్టినప్పటి నుంచి చవకగా వస్తున్నాయి, నిజమే. కానీ అక్కడి ఆర్టీఏ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్, ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని చూపే ఫారం 35, అన్నీ కలిపి లెక్కేస్తే ఆ చవక మిగలదు. పాతది కావాలంటే బొలెరో చూసుకోమను. 2000 నుంచి వస్తూనే ఉంది కాబట్టి సామానుకు కొదవ లేదు. 1994 నాటి సుమో కూడా మంచి బండే, టాటా మోటార్స్‌ను నడిపిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరు మీద పెట్టిన పేరది. క్వాలిస్ ఇంజిన్ గట్టిది, అయితే 2005లోనే ఆగింది, బాడీ సామానుకు వెతకాలి. పొలానికి టాటా 207 లాంటి పికప్ కొంటే ఒకటి గుర్తుంచుకోమను: పసుపు బోర్డు బండికి ఎనిమిదేళ్లు దాటాక ఏటేటా ఫిట్‌నెస్ చేయించాలి.

నడిపేటప్పుడు యాభై దాటకు. దీనికి కొత్త కార్ల బ్రేకులు లేవు, ముందు బండికి దూరం రెట్టింపు ఉంచు. వెనక అడ్డ సీట్ల మీద పిల్లల్ని కూర్చోబెట్టకు. నీళ్లలోంచి వస్తే డ్రమ్ములు తడిసి బ్రేకు పట్టదు, పెడల్ మెల్లగా అదుముతూ కొంతదూరం పోతే ఆరుతాయి. వాగు పొంగితే జీపు ఎత్తుగా ఉంది కదా అని దిగొద్దు. 2023 జూలైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఎట్లా మునిగిందో చూశాం కదా.

వచ్చే శుక్రవారం రాత్రికే ఊరికి రా. ఆర్సీ బుక్కు, ఇన్సూరెన్స్ కాగితం, బావ మరణ ధ్రువపత్రం నాలుగేసి జిరాక్సులు తీయించు. శనివారం పొద్దున నేను మెకానిక్‌ను తీసుకొని వస్తాను. బ్యాటరీ నువ్వు కొనకు, ఏది సరిపోతుందో అతను చూసి చెప్తాడు. అక్కను అడిగినట్టు చెప్పు.

మీ మామ