నాలుగో నెలలో వీడీఆర్‌ఎల్ పాజిటివ్.. బిడ్డకు ప్రమాదమా?

ప్రశ్న: నా వయసు 26. నాలుగో నెల. మొదటి చెకప్‌లో చేసిన రక్తపరీక్షల్లో వీడీఆర్‌ఎల్ 1:16 రియాక్టివ్ అని వచ్చింది. టీపీహెచ్‌ఏ కూడా పాజిటివే. నాకు పుండ్లు, మంట ఏమీ లేవు. మావారు కూడా తనకేమీ లేదంటున్నారు. మరి ఎలా వచ్చింది? బిడ్డకూ సోకుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: వీడీఆర్‌ఎల్, టీపీహెచ్‌ఏ రెండూ సిఫిలిస్ అనే సుఖవ్యాధిని పట్టే రక్తపరీక్షలు. వీడీఆర్‌ఎల్ ఒక్కటే పాజిటివ్ అయితే ఆ ఫలితాన్ని కొంత అనుమానించవచ్చు. గర్భిణుల్లో, లూపస్ లాంటి (రోగనిరోధక శక్తి సొంత ఒంటిమీదే దాడి చేసే) జబ్బులున్నవారిలో అది ఒక్కోసారి తప్పుగా పాజిటివ్ చూపిస్తుంది. మీకు రెండూ వచ్చాయి. గతంలో చికిత్స తీసుకోకపోయి ఉంటే దీన్ని సిఫిలిస్‌గానే, అంటే సవాయి రోగంగానే చూడాలి.

లక్షణాలు లేకపోవడం వింతేమీ కాదు. మొదట వచ్చే పుండు సాధారణంగా నొప్పి పెట్టదు. యోని లోపల ఉంటే కనిపించదు కూడా. కొన్ని వారాలకు దానంతటదే మానిపోతుంది, క్రిమి మాత్రం ఏళ్ల తరబడి ఒంట్లోనే ఉండిపోతుంది. కాబట్టి ఎవరి నుంచి ఎవరికి, ఎప్పుడు సోకిందో ఈ రిపోర్టు చెప్పలేదు. ఆ పంచాయితీ ఇప్పుడు పెట్టుకోవద్దు.

ఇది అరుదైన సమస్య కూడా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో సుమారు 11 లక్షల మంది గర్భిణులకు సిఫిలిస్ ఉంది. ఎక్కువమందితో సంబంధాలు, గతంలో సుఖవ్యాధులు, హెచ్‌ఐవీ ఉంటే ముప్పు పెరుగుతుంది. కానీ భర్త తప్ప మరొకరు తెలియని ఇల్లాలికీ రావచ్చు. గర్భిణులందరికీ ఈ పరీక్ష రాసేది అందుకే. అసలు ప్రమాదం పరీక్ష ఆలస్యమైనవారికే.

వైద్యం చేయకపోతే క్రిమి మాయను దాటి బిడ్డను చేరుతుంది. గర్భస్రావం, కడుపులోనే బిడ్డ చనిపోవడం, పుట్టిన బిడ్డకు ఎముకలు, కాలేయం, వినికిడి దెబ్బతినడం జరగవచ్చు. మీకింకా సమయం ఉంది. బెంజతిన్ పెనిసిలిన్ 24 లక్షల యూనిట్లు, పిరుదుల్లో వేస్తారు. ఎప్పుడు సోకిందో తెలియనప్పుడు వారానికొకటి చొప్పున మూడు. ఏ వారమూ తప్పించకండి, ఎడం పెరిగితే మళ్లీ మొదటి నుంచి వేయాల్సి రావచ్చు. మొదటి ఇంజెక్షన్ తర్వాత ఒక రోజులోపు జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు. కడుపు పట్టేసినట్టు నొప్పులొస్తే మాత్రం వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

పెనిసిలిన్ పడదంటే అజిత్రోమైసిన్‌తో సరిపెట్టవద్దు, అది బిడ్డను కాపాడుతుందన్న నమ్మకం లేదు. ఆస్పత్రిలో ఉంచి, కొద్దికొద్దిగా ఇచ్చి శరీరానికి పెనిసిలిన్‌నే అలవాటు చేస్తారు.

మీవారికీ పరీక్ష, చికిత్స తప్పనిసరి, లేదంటే మీకు మళ్లీ సోకుతుంది. ఇద్దరి చికిత్సా పూర్తయ్యి, డాక్టరు సరేననేదాకా కలవకండి. హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేయించుకోండి. టీపీహెచ్‌ఏ జబ్బు తగ్గాక కూడా చాలామందిలో జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది, దాన్ని చూసి తర్వాతి కాన్పులో హడలిపోవద్దు. తగ్గిందా లేదా అన్నది వీడీఆర్‌ఎల్ పక్కన ఉండే 1:16 లాంటి అంకె చెబుతుంది. పుట్టగానే బిడ్డకూ రక్తపరీక్ష చేస్తారు. ఇంజెక్షన్ల తేదీలున్న కాగితం ప్రసవానికి వెళ్లేటప్పుడు వెంట ఉంచుకోండి.