ఎస్కలేటర్ మీద ఏ పక్క నిలబడినా పర్లేదు, పైకెళ్లాక మాత్రం ఆగకండి

"విదేశాల్లో ఎస్కలేటర్ మీద అందరూ కుడి పక్కన నిలబడి, ఎడమ పక్క నడిచేవాళ్లకి వదిలేస్తారు. మనవాళ్లకి ఆ మర్యాద ఎప్పటికి వస్తుంది?" అన్నది ప్రశ్న.

నాది విజయనగరం. మధ్యలో ఆరేళ్లు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి, కొన్నాళ్లు రోజూ మెట్రో ఎక్కి దిగాను. అందుకని ఎస్కలేటర్ల గురించి నాకు కాస్త ఎక్కువే మాట్లాడే హక్కుందని అనుకుంటాను. ఎవరు ఏ పక్క నిలబడినా నాకు అభ్యంతరం లేదు. నా గొడవంతా పైకి చేరగానే అక్కడే ఆగిపోయేవాళ్లతోనే.

ముందు ఆ విదేశాల సంగతి తేల్చేద్దాం. లండన్‌లో కుడి పక్కన నిలబడతారు, నిజమే. టోక్యోలో ఎడమ పక్కన, ఒసాకాలో కుడి పక్కన నిలబడతారు. ఒక్క దేశంలోనే రెండు పద్ధతులు! పైగా ఆ లండన్ వాళ్లే 2015 చివర్లో హోబర్న్ స్టేషన్‌లో మూడు వారాలపాటు రెండు పక్కలా నిలబడే వెళ్లమని చెప్పి చూశారు. రద్దీ వేళ అలా వెళ్తేనే ఎక్కువ మంది పైకి చేరారు. అక్కడి ఎస్కలేటర్లు చాలా ఎత్తు. అంత ఎత్తు నడిచి ఎక్కే ఓపిక కొద్దిమందికే ఉంటుంది, దాంతో ఆ పక్క సగం ఖాళీగా పోతుంది. జపాన్‌లో సైతామా వాళ్లయితే 2021 అక్టోబరు నుంచి ఎస్కలేటర్ మీద నడవద్దు, కదలకుండా నిలబడండి అని ఏకంగా చట్టమే తెచ్చారు. మనకి రాలేదని మీరు బాధపడుతున్న మర్యాదని ఆ సైతామా వాళ్లు వదిలించుకునే పనిలో ఉన్నారన్నమాట.

అయినా మా ఊళ్లో నేను ఎక్కిన షాపు ఎస్కలేటర్ల వెడల్పెంతని! ఒక మనిషి, ఆ మనిషి చేతిలో రెండు సంచులు. అంతే. ఇక ఎడమేంటి, కుడేంటి?

సరే, అసలు విషయానికి వస్తాను. కిందటేడు మా పెద్దమ్మ మనవరాలి పెళ్లి కుదిరింది. పెద్దమ్మది బొబ్బిలి దగ్గర పల్లె. బట్టలు కొనడానికి నన్ను తోడు రమ్మంది. మూడంతస్తుల షాపు, పేరెందుకు లెండి. పెళ్లిళ్ల రోజులు కదా, లోపల ఇసకేస్తే రాలడం లేదు.

ఎస్కలేటర్ దగ్గరికి రాగానే పెద్దమ్మ ఆగిపోయింది. కాసేపు దాన్నే చూసి, "ఉండరా బావూ, ఆగినాక ఎక్కుతాను" అంది.

అది ఆగదు పెద్దమ్మా అన్నాను. "ఆగకపోతే ఎలా ఎక్కుతారర్రా?" అంది. న్యాయమైన ప్రశ్నే. నా దగ్గర జవాబు లేదు. అంతలో ఆవిడ వంగి చెప్పులు విప్పి, జతగా పక్కన గోడకి పెట్టింది, గుడి మెట్ల ముందు పెట్టినట్టు. కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుంది, రెండో చేత్తో నా మోచెయ్యి పట్టుకుంది. పక్కన రబ్బరు పట్టీ పట్టుకోమంటే, "అది పాములా పాకతంది, నాను పట్టుకోను" అంది.

వెనక ఒక కుర్రాడున్నాడు. చెవుల్లో ఇయర్ బడ్స్, చేతిలో ఫోను. "ఎక్కితే ఎక్కండి ఆంటీ, లేకపోతే తప్పుకోండి" అన్నాడు. ఇలాంటి తొందరగాళ్లని నేను చాలామందిని చూశాను. పైకెళ్లాక వీళ్లకి పనేమీ ఉండదు. ఇంట్లో ఆడవాళ్లు చీరలు చూస్తుంటే గంటసేపు కుర్చీలో పడి ఫోను చూసుకుంటారు. దానికోసం అరవై ఎనిమిదేళ్ల మనిషిని తొందరపెట్టాలా? భయపడుతున్న మనిషి వెనక "చ్" అని శబ్దం చెయ్యకుండా ఉండటమే ఎస్కలేటర్ మర్యాదల్లో సగం అని నా అభిప్రాయం.

పసుపు గీత మీద కాలు వెయ్యకు, గీతల మధ్యలో వెయ్యి అని పెద్దమ్మకి ముందే చెప్పాను. ఆవిడ మూడు మెట్లు పోనిచ్చి, నాలుగోదాని మీద కుడికాలు ముందు పెట్టి ఎక్కింది. కొత్త కోడలు గడప దాటినట్టు! సరిగ్గా మధ్యలోనే పెట్టింది. నాకే గర్వంగా అనిపించింది. సగం దూరం వెళ్లేసరికి భయం పోయి, "ఇదేటో బాగుందిరా" అని కింద జనాన్ని చూడటం మొదలుపెట్టింది.

అప్పుడు పైకి చూశాను. ఎస్కలేటర్ దిగేచోట ఒక కుటుంబం, అయిదారుగురు, సంచులు కింద పెట్టేసి నిలబడిపోయారు. పట్టుచీరలు ఇదే ఫ్లోరా, పైదా అని వాళ్లలో వాళ్లకి చర్చ. ఇంటాయన మాకు వీపు చూపిస్తూ గోడ మీద బోర్డు చదువుకుంటున్నాడు. "జరగండి, జరగండి!" అని అరిచాను. ఆయన తల తిప్పకుండానే చెయ్యెత్తి, "ఒక్క నిమిషం" అన్నాడు.

ఈ నిమిషం లెక్క నేను ఇంటికొచ్చాక వేశాను. మామూలుగా ఎస్కలేటర్ సెకనుకి అర మీటరు కదులుతుంది. మెట్టు లోతు 40 సెంటీమీటర్లు. అంటే నాలుగు సెకన్లకి అయిదు మెట్లు పైకొస్తాయి. ఆయన అడిగిన నిమిషానికి 75 మెట్లు! మెట్టుకొక మనిషి చొప్పున వేసుకున్నా 75 మందిని ఆయన వీపు మీదకి పంపాలి. మామూలు మెట్లయితే ముందు మనిషి ఆగితే మనమూ ఆగుతాం. ఇది మనల్ని అడగదు కదా.

చివరికి ఆయన వీపు మీద చెయ్యి వేసి తోశాను. ఆయన ముందుకి తూలి పడ్డాడు. పెద్దమ్మ వాళ్ల సంచి మీద కూలబడింది. బట్టల సంచి కాబట్టి బతికిపోయాం. వెనక కుర్రాడు నా మీద, వాడి వెనకావిడ వాడి మీద. సెక్యూరిటీ అతను పరిగెత్తుకొచ్చి ఎర్ర బటన్ నొక్కితే అది కుదుపుతో ఆగింది. దెబ్బలేం తగల్లేదు గానీ పెద్దమ్మ చేతి గాజులు రెండు పగిలాయి. పెళ్లి పని మీద వచ్చినప్పుడు పగిలాయి అనకూడదట, పెరిగాయి అనాలట. అంత గొడవలోనూ నన్ను సరిదిద్దింది.

ఆ పెద్దమనిషి లేచి అన్న మొదటి మాట, "చూసుకుని రావాలి కదండీ!"

మనవాళ్లకి దారి ఇవ్వడం తెలియదంటే నేను ఒప్పుకోను. దసరా అయ్యాక వచ్చే మంగళవారం మా పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి రండి. మూడు లాంతర్ల దగ్గర గుడి నుంచి కోట దాకా లక్షల జనం. అంత పొడుగు మాను, దాని చివర గాలిలో కూర్చున్న పూజారి, పైకి విసిరే అరటిపళ్లు. ఆ మాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. అది వస్తోందంటే చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు కూడా ఎవరూ చెప్పకుండానే వెనక్కి జరుగుతారు, జనం మధ్యలో దారి పడుతుంది. మరి అదే జనం షాపులోకి రాగానే ఏమైపోతారు? నా లెక్క ఏమిటంటే, వీధిలో ఉన్నప్పుడు మనం జనంలో ఒకళ్లం. డబ్బు తీసి, ఏసీలోకి అడుగుపెట్టామంటే ఆ నేల మనదే, మన వెనక ఎవరూ లేరు అనుకుంటాం.

మరి పెళ్లి భోజనాల సంగతేంటి అంటారేమో. అక్కడ డబ్బు ఎవరూ కట్టరు, అయినా అక్కడే పరమ అన్యాయం. మనం ఇంకా చారన్నంలో ఉండగానే వెనక ఒకాయన వచ్చి మన కుర్చీ మీద చెయ్యి వేస్తాడు. పెరుగు వడ్డించే మనిషి ఎక్కడున్నాడా అని మనకంటే ముందు ఆయన వెతుకుతుంటాడు. మొన్న ఒక పెళ్లిలో ఆ చెయ్యి బరువు భరించలేక పెరుగన్నం తినకుండానే లేచిపోయాను. నా సిద్ధాంతం అక్కడ నిలబడదు, ఒప్పుకుంటాను.

ఆర్టీసీ కాంప్లెక్స్‌లో శ్రీకాకుళం బస్సు దగ్గరా అంతే. బస్సు ఇంకా ఆగదు, కిటికీలోంచి తువ్వాలు లోపల పడుతుంది. చంకలో పిల్లతో ఒకావిడ నిలబడే ఉంటుంది, తువ్వాలు దర్జాగా కూర్చుని ఉంటుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఛార్జీ లేదు కాబట్టి బస్సులు కిక్కిరిసిపోతున్నాయని విసుక్కునేవాళ్లలో కొందరు ఆ తువ్వాళ్ల యజమానులే.

ఎస్కలేటర్‌కి వస్తే, దిగాక నాలుగు అడుగులు గట్టిగా ముందుకి వెయ్యండి, బోర్డు ఆ తర్వాత చదువుకోవచ్చు. ఇంకోటి, మెట్ల పక్కన కింద నల్ల బ్రష్ ఉంటుంది చూశారా, చాలామంది దానికి బూటు రాసి తుడుచుకుంటారు. అది పాలిష్ బ్రష్ కాదండీ. చీర అంచో, చెప్పో మెట్టుకీ పక్క రేకుకీ మధ్య ఇరుక్కోకుండా మనల్ని ఎడంగా ఉంచడానికి పెట్టింది.

బట్టలు కొనడం అయ్యేసరికి మూడు దాటింది. సెక్యూరిటీ అతను పెద్దమ్మ చెప్పులు పైకి తెచ్చి ఇచ్చాడు. దిగేటప్పుడు ఆవిడ ఎస్కలేటర్ వైపు చూడను కూడా చూడలేదు, మామూలు మెట్లు ఎక్కడున్నాయో అడిగి అటు నడిచింది. నేను బిల్లు కట్టడానికి ముందు దిగిపోయాను. పదిహేను నిమిషాలైనా పెద్దమ్మ రాదు. కంగారుపడి మెట్లెక్కి చూస్తే, మలుపు దగ్గర సేల్స్ అమ్మాయిలు నలుగురు క్యారేజీలు విప్పుకుని అన్నాలు తింటున్నారు. వాళ్ల మధ్యలో, సరిగ్గా దారికి అడ్డంగా, మా పెద్దమ్మ. "మీదే ఊరమ్మా? ఏటి కూర?" అని ఆరా తీస్తోంది. సంచులతో దిగేవాళ్లు గోడకి ఆనుకుని ఒక్కొక్కరే తప్పుకుని పోతున్నారు.

జరుగు పెద్దమ్మా, జనం వస్తున్నారు అన్నాను.

"ఒక్క నిమిషం ఉండరా" అంది.