సందేహాలు – సమాధానాలు: పైపు కారుతోందా, ట్యాంకు పొర్లుతోందా?

సందేహం: మాది విజయవాడ, సత్యనారాయణపురం. మెట్లగది మీద ఒక ట్యాంకు, డాబా మీద ఒక ట్యాంకు ఉన్నాయి. పైదాని నుంచి కిందిదానికి నీళ్లు వస్తాయి. కిందిదాని ఓవర్‌ఫ్లో పైపు నుంచి నీళ్లు పడి పక్కింటివాళ్ల గోడ తడుస్తోంది. ప్లంబరుకు ఫోన్ చేసి "పైపు కారుతోంది" అన్నాను. వచ్చి, పైపు జాయింటుకు ఎంసీల్ పెట్టి, డబ్బులు తీసుకుని వెళ్లాడు. చుక్కలు మాత్రం ఆగలేదు. "కారుతోంది అంటే అతుకే వేస్తాడు, పైపు పొర్లుతోంది అనాలి" అంటారు మావారు. "చుక్కలు పడుతున్నాయి అంటే సరిపోదూ?" అంటారు అత్తగారు. మా అమ్మాయి హోంవర్కులో "లీక్ అవుతుంది" అని రాసింది. ఏది సరైన తెలుగు? ఓవర్‌ఫ్లో పైపుకు తెలుగు మాట ఉందా?

సమాధానం: నాలుగూ తెలుగే. కానీ నాలుగూ ఒకే సంగతి చెప్పవు.

ముందు మీ మాట చూద్దాం. కారు అనే క్రియకు కారే ద్రవమూ కర్త కావచ్చు, అది ఎక్కణ్నుంచి కారుతుందో ఆ వస్తువూ కర్త కావచ్చు. నెత్తురు కారుతుంది, చొంగ కారుతుంది. అలాగే కుండ కారుతుంది, ముక్కు కారుతుంది, వానపడితే పాత పెంకుటిల్లు కారుతుంది. (ఇంటి విషయంలో కురుస్తోంది అనేవాళ్లూ ఉన్నారు. తెలంగాణలో ఉరుస్తున్నది అంటారు.) కుండ కారితే లోపం కుండలోనే ఉంది, చిల్లు పూడిస్తే ఆగుతుంది. ముక్కు కారితే లోపం ముక్కుది కాదు, జలుబుది. ముక్కుకు ఎవరూ ఎంసీల్ పెట్టరు కదా! మీరు ముక్కు కారినట్టు చెప్పారు, ప్లంబరు కుండ కారినట్టు విన్నాడు. వ్యాకరణం ప్రకారం ఇద్దరిదీ తప్పు లేదు. లీకు మాటకూ ఇదే చిక్కు ఉంది కాబట్టి అది వాడినా మీకు కలిసొచ్చేది ఏమీ లేదు.

మీవారు పట్టుకున్న క్రియ మంచిదే, కర్తే కుదరలేదు. పొర్లాలంటే ముందు నిండాలి. పాలు పొంగడం వేరు, పొర్లడం వేరు. పొంగుతున్నప్పుడు గిన్నె దించేస్తే పాలు దక్కుతాయి, అంచు దాటాక పొర్లినట్టు. వంచితే ఒలుకుతాయి, కదిపితే తొణుకుతాయి. మీ ఇంట్లో నిండేది ట్యాంకు. అందుకని "ట్యాంకు పొర్లుతోంది" అనాలి. పైపు దాని పని అది చేస్తోంది, దాన్ని అనవసరంగా ఆడిపోసుకుంటున్నాం. 2024 సెప్టెంబరులో బుడమేరు సంగతి విజయవాడవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఏరు పొంగడం ఒక వార్త, కట్టకు గండ్లు పడి సింగ్‌నగర్ మునగడం ఇంకో వార్త. గండి పడితే పూడుస్తారు. పొర్లుతుంటే ఎక్కడ పూడుస్తారు? పైనుంచి వచ్చే నీటి సంగతి చూడాల్సిందే.

అయితే బొట్టు బొట్టుగా పడేదానికి పొర్లుతోంది అనే మాట కాస్త పెద్దది. నా ఓటు మీ అత్తగారికే. కారణం తెలియనప్పుడు కంటికి కనిపించింది మాత్రమే చెప్పారావిడ.

ఇక మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది క్రియ కాదు, "పైపు నుంచి" అన్న మాట. నుంచి అంటే ఎక్కణ్నుంచో తెలుస్తుంది గానీ ఎలాగో తెలియదు. మన వాడుకలో అంతకన్నా పదునైనవి ఉన్నాయి: లోంచి, మీంచి. పైపులోంచి పడుతున్నాయంటే ట్యాంకులో నీరు ఓవర్‌ఫ్లో కన్నం దాకా వచ్చి, పైపు లోపలి నుంచి బయటికి పడుతోందని. పైపు మీంచి పడుతున్నాయంటే ఇంకే జాయింటు నుంచో జారిన నీరు ఈ పైపు ఒంటిని పట్టుకుని వచ్చి దీని మూతి దగ్గర రాలుతోందని. కింద నిలబడి చూసేవాళ్లకు రెండూ ఒకలాగే కనిపిస్తాయి.

డాబా ఎక్కితే తేడా తెలుస్తుంది. ముందు పైట్యాంకు నుంచి వచ్చే వాల్వు కట్టేయండి. నీళ్లు వాడి, మట్టం ఓవర్‌ఫ్లో కన్నానికి నాలుగు వేళ్లు కిందికి దిగేలా చూడండి. మోటారు వేయకుండా, మట్టం దగ్గర గీత పెట్టి కొన్ని గంటలు ఆగండి. అప్పుడు కూడా చుక్కలు పడుతుంటే అవి పైపు మీంచి వచ్చేవే, పక్క గొట్టాల అతుకులు తడిమి చూడాలి. చుక్కలు ఆగితే, ఈసారి వాల్వు తెరిచి చూడండి. మోటారు వేయకపోయినా మట్టం కన్నం దాకా పెరిగి, అక్కడా ఆగకుండా మళ్లీ చుక్కలు మొదలైతే లోపం బాల్ వాల్వుది, అంటే ట్యాంకు నిండగానే బంతి తేలి నీటిని ఆపాల్సిన వాల్వుది. వాషరు అరగడమో, నలక అడ్డం పడటమో, బంతిలోకి నీళ్లు పోయి అది సరిగా తేలకపోవడమో అయి ఉంటుంది. నీరు పల్లమెరుగు అన్నారు కదా, కిందిదాన్ని మూసే బంతి మూయకపోతే పైట్యాంకు నీళ్లు రాత్రంతా దిగుతూనే ఉంటాయి. ఒక జాగ్రత్త: వాల్వు కట్టగానే చుక్కలు ఆగలేదని కంగారు పడకండి. కన్నం అంచుకు పైన ఉన్న నీరు పోయేదాకా పడుతూనే ఉంటాయి.

మీ అమ్మాయి వాక్యానికి వద్దాం. కారుతూ ఉంది అన్నది కలిసి కారుతోంది అయింది, అంటే ఇప్పుడు జరుగుతున్నది. కారుతుంది అంటే ఎప్పుడూ ఉండే తీరు, లేదా ఇకముందు జరగబోయేది. ఈ తేడా ఇప్పుడు చాలామంది నోట చెరిగిపోతోంది. కొన్ని ప్రాంతాల మాటలో జరుగుతున్నదానికి కూడా -తుంది వాడతారు, అది అక్కడి అలవాటు, తప్పనను. కానీ మీ ఇంటి పనికి ఈ తేడా ఉపయోగమే. "మోటారు వేస్తే కారుతుంది" అన్నారనుకోండి, మోటారు నేరుగా నింపే ట్యాంకైతే నిండినా మోటారు కట్టలేదని అర్థం. "మోటారు కట్టి రెండు గంటలైంది, ఇంకా కారుతోంది" అంటే అనుమానం బంతి మీదికి పోతుంది. హోంవర్కులో "లీక్ అవుతోంది" అని దిద్దించండి చాలు. అన్నట్టు, నీరు కారుతోంది, నీళ్లు కారుతున్నాయి. "నీళ్లు కారుతోంది" అని ఈమధ్య తరచూ కనిపిస్తోంది, అది మాత్రం కుదరదు.

ఓవర్‌ఫ్లో పైపుకు ఇంట్లో వాడే తెలుగు మాట నాకు తెలిసి లేదు. ఆ ఏర్పాటు మనకు కొత్త కాదు. చెరువు నిండాక మిగులు నీరు కట్ట తెగకుండా పోవడానికి వదిలే చోటును అలుగు అంటారు, కలుజు అనీ అంటారు, తెలంగాణలో మత్తడి. (అల్లుడి అలకకూ దీనికీ చుట్టరికం కలపకండి.) ఏ రైతూ అలుగు పారుతోందని దాన్ని పూడ్చడానికి పోడు, చెరువు నిండిందని సంతోషిస్తాడు. అలాగని అలుగు గొట్టం అని పేరు పెట్టి దుకాణంలో అడిగితే ఇచ్చేవాళ్లు ఉండరు. ఓవర్‌ఫ్లో పైపు అనే అనండి.

ఈసారి ఫోన్‌లో ఇలా చెప్పి చూడండి: "కింది ట్యాంకు ఓవర్‌ఫ్లో పైపులోంచి, మోటారు వేయకపోయినా చుక్కలు పడుతున్నాయి. బాల్ వాల్వు చూడాలి, కొత్త వాషరు తెచ్చుకోండి." డాబా మీద చూశాక అది లోంచి కాదు, మీంచి అని తేలితే ఆ ముక్క మార్చండి. అప్పుడు వాషరు అక్కర్లేదు.