కదిలే ఆక్టోపస్ తినవచ్చా? – కొరియా ప్రయాణికుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేమిద్దరం అక్టోబరులో మొదటిసారి సియోల్ వెళుతున్నాం. పళ్ళెంలో కదులుతూ ఉండే ఆక్టోపస్‌ను అక్కడి అంగట్లోనే కూర్చుని తినాలని మావారి పట్టుదల. వీడియోలు చూసిన దగ్గర నుంచి నాకు మనసు మనసులో లేదు. అది ప్రాణంతో ఉన్నట్టేనా? తింటే ప్రమాదమా?

జవాబు: ఆ వంటకం పేరు సన్నక్జి. ‘సన్’ అంటే ప్రాణంతో ఉన్నదని, ‘నక్జి’ అంటే సన్నని పొడుగాటి చేతులుండే ఒక చిన్న రకం ఆక్టోపస్ అని అర్థం. మీ ముందుకు వచ్చే వేళకు దాని తల వేరు చేసి, చేతులను ముక్కలుగా కోసేస్తారు. అయినా ముక్కలు కదలడానికి కారణం ఉంది. ఆక్టోపస్ నాడీకణాలలో దాదాపు మూడింట రెండు వంతులు దాని చేతులలోనే ఉంటాయి కనుక, మెదడుతో సంబంధం తెగిపోయిన తరువాత కూడా చేతులు కొంతసేపు తమంతట తాము స్పందిస్తూనే ఉంటాయి. ప్రాణమున్న జీవిని నోట్లో వేసుకుంటున్నామన్న మీ బెంగ ఆ మేరకు తగ్గవచ్చు. కోసే క్షణంలో దానికి బాధ కలుగుతుందేమోనన్న బెంగ మాత్రం న్యాయమైనదే, దానిని నేను కొట్టిపారెయ్యలేను. మనసు ఒప్పకపోతే అదే నక్జిని కారంగా వేయించిన నక్జి బొక్కుమ్ గానీ, తేటగా కాచిన యొన్‌ఫోతాంగ్ అనే పులుసు గానీ తెప్పించుకోండి. రుచిలో అవి ఏ మాత్రం తీసిపోవు.

ఇక ప్రమాదం సంగతి. గొంతులో ముక్క ఇరుక్కుని ఊపిరాడక మనుషులు చనిపోయిన సందర్భాలు కొరియాలో ఉన్నాయి కనుక ఈ మాటను తేలికగా తీసుకోవద్దు. చేతుల కింద వరుసగా ఉండి, దేనినైనా పీల్చి పట్టుకునే చూషకాలు నాలుకకు, అంగిలికి, ఒక్కోసారి గొంతు గోడకు కూడా అతుక్కుంటాయి. నేను మొదటిసారి తిన్నది గ్వాంగ్‌జాంగ్ మార్కెట్టులో. బల్ల అవతల నిలబడ్డ పెద్దావిడ ముక్కల మీద నువ్వుల నూనె ధారగా పోసి, నువ్వులు చల్లి పళ్ళెం నా ముందు పెట్టింది. ఒక ముక్క పళ్ళేన్ని గట్టిగా పట్టుకుని, చాప్‌స్టిక్స్‌తో లాగినా ఊడిరాలేదు. ఆవిడ తన చాప్‌స్టిక్స్ కొనను ముక్క కిందికి పోనిచ్చి, అంచు నుంచి ఒలిచినట్టుగా లేపి, ఉప్పు కలిపిన నువ్వుల నూనెలో ముంచి చూపించింది. ఆ నూనె రుచికే కాదు, చూషకాల పట్టు సడలడానికి కూడా. తరువాత తన దవడ మీద వేలు పెట్టి, నమలమని పదే పదే సైగ చేసింది. మీవారికి మీరు చెప్పవలసిందీ అంతే: చిన్న ముక్క తీసుకోవాలి, నోట్లో కదలిక పూర్తిగా ఆగేదాకా నమలాలి, అప్పటిదాకా మాట్లాడకూడదు, నవ్వకూడదు. మద్యం ఎక్కువైన తరువాత దాని జోలికి పోకూడదు. ఆక్టోపస్‌ను కొయ్యకుండా పుల్లకు చుట్టి ఇస్తే ఎవరు ఎంత బలవంతపెట్టినా వద్దనండి.

గ్వాంగ్‌జాంగ్ 1905లో మొదలైన మార్కెట్టు. అక్కడికి వెళ్ళి సన్నక్జి ఒక్కటే తిని వచ్చేస్తే సగం మార్కెట్టు చూడనట్టే. నానబెట్టిన పెసలను తిరగలిలో రుబ్బి, నూనెలో అంచులు కరకరలాడేలా కాల్చే బిందేత్తొక్ మీకు తప్పక నచ్చుతుంది. మీవారు ఆక్టోపస్‌తో కుస్తీ పడుతున్నంతసేపూ మీరు నిశ్చింతగా దానిని తినవచ్చు.

ప్రశ్న: చేపల మార్కెట్టులో బతికి ఉన్న చేపను ఎంచుకుంటే అక్కడే కోసి పెడతారని విన్నాను. భాష రాని నాలాంటివాడు మోసపోకుండా ఎలా కొనాలి? అక్కడ తప్పక రుచి చూడవలసినవి ఏమిటి?

జవాబు: సియోల్‌లో నొర్యాంగ్జిన్, బూసాన్‌లో జగల్చి ఇందుకు పేరు పొందినవి. నొర్యాంగ్జిన్ మార్కెట్టు 1927లో సియోల్ స్టేషన్ దగ్గర పుట్టి, 1971లో ఇప్పటి చోటికి వచ్చింది. కొత్త భవనం 2016లో తెరిచారు. రెండు చోట్లా పద్ధతి ఒకటే. కింది అంతస్తులో తొట్టెలలో ఈదుతున్న చేపను ఎంచుకుని, తూకం వేయించి డబ్బు చెల్లిస్తారు. దానిని కోయించుకుని పై అంతస్తులోని భోజనశాలకు వెళితే, మనిషికి ఇంత అని బల్ల ఖర్చు తీసుకుని ఆకులు, వెల్లుల్లి, పచ్చళ్ళు అమరుస్తారు. తలను, ముళ్ళను మెయున్‌తాంగ్ అనే కారపు పులుసుగా కాచి ఇవ్వడానికి వేరే రుసుము ఉంటుంది. కొత్తవారు మోసపోయామనుకునేది చాలావరకు ఇక్కడే, ఎందుకంటే చేప ధరే మొత్తం ధర అనుకుని పైకి వెళతారు. కాబట్టి కింద ఉండగానే కిలో ధర ఎంతో, పైన మనిషికి ఎంతో, పులుసుకు ఎంతో కాలిక్యులేటర్ మీద వేయించి చూడండి. బుట్టలో నీళ్ళు ఓడిన తరువాతే తూకం వెయ్యమనండి. మొదటి దుకాణం దగ్గరే ఆగిపోకుండా మూడు నాలుగు చోట్ల అడగండి. అందులో మొహమాటం అక్కరలేదు.

అమ్మే ఆవిడను ‘ఇమో’ అని పిలవండి. ఇమో అంటే పిన్ని. ఆ పిలుపుతో ముఖాలు విప్పారడం, పళ్ళెంలో అదనంగా రెండు ముక్కలు పడడం నేను ఎన్నోసార్లు చూశాను. జగల్చిలో ‘ఒయిసో, బొయిసో, సయిసో’ అనే మాట మీ కంట పడుతుంది. రండి, చూడండి, కొనండి అని బూసాన్ యాసలో చెప్పడం అది.

చేపలలో గ్వాంగొ అనే బల్లపరుపు చేపతో మొదలుపెట్టండి. అప్పుడే కోసిన చేపలోని బిగువును అక్కడివారు ఇష్టపడతారు కనుక, ముక్క మెత్తగా కరిగిపోలేదని నిరాశపడవద్దు. అలవాటయ్యాక మొంగె అడగండి. బయట ఎర్రటి బొడిపెలతో ముళ్ళకాయలా కనిపించే ఈ సముద్రజీవి లోపల నారింజ రంగులో ఉంటుంది. నాలుక మీద మొదట సముద్రపు ఉప్పదనం, వెంటనే కొంచెం చేదు తగిలి, మింగిన తరువాత చాలాసేపు తీపి మిగులుతుంది. కొరియా సముద్రపు రుచి ఏమిటని అడిగితే నేను చూపించేది దీనినే. గెబుల్ అనేది బురదలో బొరియలు చేసుకుని ఉండే లావుపాటి గులాబీ రంగు పురుగు. చూడటానికి ఎబ్బెట్టుగా ఉన్నా, కోసి శుభ్రం చేశాక కరకరమంటూ తియ్యగా ఉంటుంది. ఇలాంటివి కొత్త కనుక ఒక్కొక్కటి విడిగా కాకుండా, రెండు మూడు రకాలు కొద్దికొద్దిగా కలిపి ఇచ్చే పళ్ళెం తీసుకోండి.

ఒక్క హెచ్చరిక. కాలేయ వ్యాధి, మధుమేహం ఉన్నవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు, గర్భిణులు పచ్చి సముద్రాహారం తినకూడదు. వేసవి నుంచి శరదృతువు మొదటి వరకు సముద్రపు నీరు వెచ్చగా ఉన్నప్పుడు విబ్రియో అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. ఆరోగ్యవంతులు తట్టుకోగలిగినా, కాలేయం దెబ్బతిన్నవారికి అది ప్రాణాంతకం. సోయా రసంలో పచ్చి పీతలను ఊరవేసే గంజాంగ్ గెజాంగ్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

ప్రశ్న: నాకు రొయ్యలు, పీతలు పడవు. కాగితపు కప్పులో అమ్మే పట్టుపురుగులు తినవచ్చా? అవి సముద్రాహారం కాదు కదా.

జవాబు: తినవద్దు. బొందెగి అనే ఆ ఉడికించిన ప్యూపాలు సముద్రానివి కాకపోయినా, కీటకాలలోనూ రొయ్యలు, పీతలలోనూ ఒకదానికొకటి పోలిన ప్రోటీన్లు ఉంటాయి. రొయ్య పడని శరీరం దీనికీ అదే విధంగా ఎదురుతిరగవచ్చు. మీ అలర్జీ వివరం కొరియన్ లిపిలో రాసిన చీటీ ఒకటి దగ్గర ఉంచుకోండి. అత్యవసర సహాయానికి 119, దుభాషి సహాయానికి పర్యాటకుల నంబరు 1330.

ప్రశ్న: నేను శాకాహారిని. గుడ్డు తింటాను. వీధిలో నాకేమైనా దొరుకుతుందా?

జవాబు: చూడగానే శాకాహారమనిపించి నమ్మించేది త్తొక్‌పొక్కి. బియ్యప్పిండి కడ్డీలను ఎర్రటి కారంలో ఉడికిస్తారు కానీ, ఆ రసం సాధారణంగా ఎండు నెత్తళ్ళతో కాచినదే, పైగా అందులో ఒముక్ అనే చేపపిండి ముక్కలు ఉంటాయి. బిందేత్తొక్ పిండిలో పంది మాంసం కలిపే దుకాణాలూ ఉన్నాయి. ‘గోగీ ప్పే జుసెయో’, అంటే మాంసం వెయ్యవద్దండి అని చెప్పినా, పిండి ముందే కలిపి ఉంటే లాభం లేదు. చేప ఆకారపు అచ్చులో ఎర్ర చిక్కుడు ముద్ద పెట్టి కాల్చే బుంగొప్పాంగ్‌లో పేరుకు తప్ప చేప లేదు. గుడ్డు పగలగొట్టి పోసి కాల్చే గ్యెరన్‌ప్పాంగ్‌లో కొందరు హామ్ వేస్తారు, అడిగి తీసుకోండి. చలికాలంలో కాల్చిన చిలగడదుంపలు, చెస్ట్‌నట్లు దొరుకుతాయి. బూసాన్‌లో పొద్దుతిరుగుడు వంటి గింజలను కూరి ఇచ్చే సియత్ హొత్తొక్ మాత్రం వదలవద్దు. లోపలి పంచదార పాకం నాలుక కాలుస్తుంది, కాస్త ఆగి కొరకండి.

ప్రశ్న: ఉద్యోగం మీద మొక్‌పో వెళుతున్నాను. అక్కడి సహోద్యోగులు హొంగొ తినిపిస్తామంటున్నారు. వాసన భరించలేక వాళ్ళను నొప్పిస్తానేమోనని భయంగా ఉంది.

జవాబు: హొంగొ అంటే గాలిపటంలా పలచగా, వెడల్పుగా ఉండే స్కేట్ చేపను పులియబెట్టినది. ఈ చేప శరీరంలో యూరియా ఎక్కువ. పులిసేటప్పుడు అది అమ్మోనియాగా మారుతుంది, ఆ అమ్మోనియా వల్లనే చేప కుళ్ళకుండా నిలుస్తుంది. మీరు భయపడుతున్న ఘాటు అదే. మొక్‌పో ఉన్న జొల్లా ప్రాంతంలో వేడుకల విందుకు హొంగొ ఉండటం పెద్ద మర్యాద. పిలిచారంటే మిమ్మల్ని తమలో ఒకరిగా చూసుకున్నారని అనుకోండి.

ఉడికించిన పంది మాంసం, బాగా పాతబడిన కిమ్చి అనే పులిసిన క్యాబేజీ పచ్చడి, హొంగొ మూడూ కలిపి ఒకే ముద్దగా తినే సమ్‌హాప్‌తో మొదలుపెట్టండి. మాంసంలోని కొవ్వు ఘాటును అణిచిపెడుతుంది, కిమ్చి పులుపు దానికి ఎదురు నిలుస్తుంది. ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు గాఢంగా ఊపిరి పీల్చవద్దు, లేకపోతే ఘాటు నేరుగా ముక్కులోకి ఎక్కి కళ్ళ నీళ్ళు తెప్పిస్తుంది. వెంటనే మక్కొల్లి అనే బియ్యపు కల్లు ఒక గుక్క తాగడం అక్కడి అలవాటు, మద్యం ముట్టనివారు గోరువెచ్చని నీళ్ళు తాగవచ్చు. తక్కువ రోజులు పులిసిన ముక్క అడిగితే సంతోషంగానే ఇస్తారు. ఒక్క ముద్ద తిని చాలనండి, ఆ ఒక్కటి తిన్నందుకే వాళ్ళు మెచ్చుకుంటారు. వాసన బట్టలకు పట్టి మరునాటి దాకా వదలదు కనుక, మీ కోటును భోజనశాల బయటే ఉంచి లోపలికి వెళ్ళండి.